పొరుగు అంగడి ధర

(విశాఖపట్టణమున నొక పఠనమందిర సభయందు గావింపబడిన ఉపన్యాసము)



ధరలనుగూర్చి మాటలాడుటకు ఆర్థికశాస్త్ర పండితుడే కావలెనన్న నియమము లేదు. సంచి చేతబట్టి అంగడికి బోవు ప్రతి గృహస్థునకును ఆ శాస్త్రమున గొంత ప్రవేశము కలదు. ఐనను మనము నిత్యము వేసికొను ప్రశ్న యొక్కటే: "నిన్నటికంటె నేడేల హెచ్చినది?" అని. "ఇచటికంటె పొరుగున నేల తగ్గియున్నది?" అను రెండవ ప్రశ్నను మన మరుదుగా వేసికొందుము; వేసికొన్నను వర్తకుని లోభమని యొక్కమాటతో ముగింతుము. ఈ సాయంకాలము ఆ రెండవ ప్రశ్ననే మీ యెదుట నుంచదలచితిని. మొదటి ప్రశ్న కాలమును గూర్చినది. దాని సమాధానమును వానలమీదను యుద్ధములమీదను త్రోసివేయవచ్చును. రెండవది సరిహద్దును గూర్చినది. సరిహద్దును గీచినవారు మనుష్యులు. దానికి సమాధానము చెప్పవలసినవారును మనుష్యులే.

వర్తకుని లోభమే కారణమైనచో, ఆ లోభము సరిహద్దు రాతియొద్ద నాగిపోవుటకు హేతువు లేదు. గట్టున కీవలనున్న వర్తకుడును ఆవలనున్న వర్తకుడును ఒక్క స్వభావము గలవారే. పెక్కుచోట్ల వియ్యమందిన వారు కూడ. మరియు నొక వస్తువు ఒకచోట చౌకగాను వేరొకచోట ప్రియముగాను ఉన్నయెడల, చౌకచోట గొని ప్రియమైనచోట నమ్మువాడొకడు తప్పక బయలుదేరును. వాని బండి తిరిగినకొలది రెండు ధరలును దగ్గరకు వచ్చును. రాలేదనగా ఆ బండి కేదియో యడ్డము వచ్చినదన్నమాట. ఆ యడ్డమును వెదకుటయే మన పని.

మొదటి యడ్డము దూరము. రేవుపట్టణమున నివసించు మనకు దీనిని వివరించి చెప్పనక్కరలేదు. మన రేవు 1933వ సంవత్సరమున దెరువబడినది. అంతకు రెండేండ్లు ముందు, 1931లో, రాయపూరునుండి విజయనగరమునకు రైలుదారి పూర్తియైనది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమునకు సముద్రము దగ్గర చేయుట ఈ నిర్మాణముల ముఖ్యోద్దేశములలో నొకటి. రాతి గుణము మారలేదు, దారి మారినది. దారి తగ్గినకొలది గనియొద్ద సరకునకు విలువ కలుగును.

నేడు మన రేవు మరియొక దేశపు అంగళ్లతో సంబంధము గలదైనది. సముద్రములేని నేపాళమునకు కలకత్తా రేవు చిరకాలముగ ముఖ్యద్వారము. 2016వ సంవత్సరమున భారత నేపాళ ప్రభుత్వములు విశాఖపట్టణమును రెండవ ద్వారముగ నంగీకరించినవి. నేపాళపు సరిహద్దు పట్టణమగు బీర్‌గంజి కలకత్తాకు సుమారు 700 కిలోమీటర్లు. మన యూరికి దాదాపు అంతకు రెట్టింపు. దగ్గరి రేవును విడిచి దూరపు రేవును గోరుట వింతగా దోచవచ్చును. కాని కలకత్తా నదిలోని రేవు. ఒండ్రుచేత లోతు తగ్గి పెద్ద యోడలు అచటికి రాజాలవు. సరకును దారిలో మరియొక రేవున చిన్న యోడలకు మార్చవలెను. ప్రతి మార్పునకును గూలి. ప్రతి నిరీక్షణకును అద్దె. మన రేవున లోతు కలదు. పెద్ద యోడ నేరుగా వచ్చి నిలువగలదు. ఖాట్మండు అంగడిలో నమ్ముడగు విదేశపు సరకు ధరయందు, కొండలమీది దారి ఖర్చుతోపాటు, ఎన్నడును చూడని సముద్రము యొక్క లోతు సైతము చేరియున్నది. దూరమును మైళ్లతో గాక ఖర్చుతో గొలువవలెనని దీనివలన దెలియుచున్నది.

రెండవ యడ్డము సుంకము. ఇది దూరముకంటె బలమైనది. దీనిని జూచుటకు హిమాలయమువరకు బోనక్కరలేదు; గౌతమీ తీరమువరకు బోయిన జాలును.

యానాము సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల. చుట్టును తెలుగునేల, లోపలను తెలుగుమాట. ఐనను 1954వ సంవత్సరమువరకు అచట ఫ్రెంచివారి జెండా యెగిరినది. నేల యొక్కటే, నీరొక్కటే. ఏలుబడి మాత్రము వేరు. ఇంగ్లీషువారి సుంకము సోకని విదేశ వస్త్రములు యానాము మంగళవారపు సంతలో దొరకుచుండెడివి. ఇంగ్లీషు ఏలుబడిలోని పల్లెలనుండి జనులు గుంపులుగ బోయి కొని తెచ్చుకొనుచుండెడివారు. అదే గుడ్డ, తొడుగుకొనువారును అదే జాతివారు. గట్టు దాటినంతనే ధర మారెడిది.

ఉప్పు సంగతి యింకను ఆలోచింపదగినది. ఇంగ్లీషు కంపెనీవారు ఉప్పు వ్యాపారమును తమ గుత్తగ జేసికొని, ఉప్పుధరను దాని ఖర్చునకు ఎన్నోరెట్లు పెంచి యమ్మిరి. అట్టి ధర నిలువవలెనన్నచో ప్రక్కన చౌక ఉప్పు ఉండరాదు. ఫ్రెంచివారి స్థలములో నుప్పు పండును; గట్టుదాటి వచ్చును; గుత్త కూలును. దీనికి కంపెనీవారు కనుగొన్న యుపాయము 1815 మార్చి 7వ తేదీనాటి ఒడంబడికలో నున్నది. ఫ్రెంచివారు తమ స్థలములలోని ఉప్పును కంపెనీకే యమ్మవలెను. అందులకు కంపెనీవారు ఏటేట 4 లక్షల సిక్కా రూపాయలు చెల్లించుదురు. పొరుగున ధర తక్కువగా నుండకుండుటకై యింత సొమ్మిచ్చిరి! ఆ సొమ్ము ఎవరిది? ప్రియపు ఉప్పును గొని తిన్న రైతుకూలీలదే. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లన్న సామెత యిందులకు జక్కగ సరిపోవును.

ఒడంబడిక కుదరని చోట్ల కంచె వేసిరి. ఇది అతిశయోక్తి కాదు. 1869 నాటికి సింధునది మొదలుకొని మహానదివరకు సుమారు 2,300 మైళ్లు పొడవున సుంకపు కట్ట యొకటి యుండెను. చాల దూరము ముండ్లచెట్లతో బెంచిన సజీవమగు కంచె అది. దానికి దాదాపు 12,000 మంది కావలివారు. ఆవలనుండి చౌక ఉప్పు ఈవలికి రాకుండుట వారి ముఖ్యమైన పని. 1879లో ఆ కట్టను దీసివేసిరి. దయ కలిగి తీసివేసిరనుకొనరాదు. ఉప్పు పుట్టుచోట్లను స్వాధీనము చేసికొని, ఇరువైపుల పన్నును ఇంచుమించు సమానము చేసినపిమ్మట, కాపాడదగిన తేడా మిగులలేదు. తేడా పోయినంతనే కంచె నిరుపయోగమైనది. పన్ను మాత్రము పోలేదు. అందుకై 1930లో దేశము సముద్రతీరమునకు నడువవలసివచ్చినది. ఉప్పుపన్ను 1947లోగాని రద్దు కాలేదు.

ఇక నేటి సంగతికి వత్తము. యానాము భారతదేశమున గలిసి ఏడు దశాబ్దములు గడచినవి. నేడది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోని భాగము. సుంకపు టాణా లేదు, కంచె లేదు. ఐనను పెట్రోలు బంకుయొద్ద పాత గట్టు మరల గానవచ్చును. మన విశాఖపట్టణమున 1957లో నూనె శుద్ధికర్మాగారము వెలసినది. తొలుత అది విదేశపు కంపెనీది. 1976లో జాతీయమై, తరువాత హిందూస్థాన్ పెట్రోలియము సంస్థలో గలిసినది. మన యింటిముందటనే ముడినూనె దిగును. మన గాలిలోనే దాని పొగ కలియును. ఐనను 2024వ సంవత్సరమున ఈ పట్టణమున లీటరు పెట్రోలు ధర 108 రూపాయల చిల్లర; కర్మాగారమునకు దూరముననున్న యానాములో అంతకంటె 10 రూపాయలకు బైగా దక్కువ. దీపము క్రింద చీకటి యనగా నిదియే.

కారణములను వరుసగా బరీక్షింతము. ముడినూనె ఖర్చు రెండుచోట్లకును ఒక్కటే. కర్మాగారము ద్వారముయొద్ద విధించు ధర, అంతర్జాతీయ విపణిధరలను బట్టి లెక్కింపబడునదే గాని, కర్మాగారమునకు ఎవడు సమీపమున నున్నాడను దానినిబట్టి కాదు. కేంద్రప్రభుత్వపు ఎక్సైజు సుంకము దేశమంతట సమానము. ఇక మిగిలినది రాష్ట్రములు విధించు అమ్మకపు పన్ను. 2024 నాటికి ఆంధ్రప్రదేశమున అది నూటికి 31 వంతులు. దానిపై లీటరునకు 4 రూపాయల అదనపు పన్ను. ఆపై రహదారుల పేర మరియొక రూపాయి. యానాములో పన్ను శాతము దీనిలో దాదాపు సగము. మరియొక విశేషము గమనింపుడు: ఈ నూటికింతయను పన్ను, కేంద్రసుంకము చేరిన ధరమీద విధింపబడును. పన్నుమీద పన్ను పడుచున్నదన్నమాట.

మరి యానాము తక్కువ పన్నుతో నెట్లు బ్రతుకుచున్నది? మనమేల బ్రతుకలేము? ఇచట నొక సూక్ష్మము గలదు. చిన్న రాజ్యము పన్ను తగ్గించినచో, తన కొద్దిమంది ప్రజలవద్ద పోగొట్టుకొనునది స్వల్పము; గట్టుదాటి వచ్చు పొరుగువారివలన గడించునది హెచ్చు. పెద్ద రాష్ట్రము తగ్గించినచో, సరిహద్దున నిలుపుకొను అమ్మకము కొంచెము. లోపలనున్న కోట్లకొలది జనులవద్ద పోగొట్టుకొనునది మిక్కుటము. ఐరోపాఖండమున లక్సెంబర్గు అను చిన్న దేశము ఫ్రాన్సు, జర్మనీ, బెల్జియముల వాహనములకు నూనె పోసి యిట్లే రాబడి గడించినది. కావున యానాముధరను జూపి "వారు చేయగా మీరేల చేయరు?" అని యడుగుట సగము న్యాయమే. మనమడుగదగిన సంపూర్ణమైన ప్రశ్న వేరొకటి కలదు. దానిని చివర మనవి చేసెదను.

మూడవ యడ్డము ప్రభుత్వముల చేయూత. పన్ను ధరను బెంచినట్లే చేయూత ధరను దించును. రెండును సరిహద్దుకడ నాగిపోవును. మలయా దేశములో ప్రభుత్వము చాలకాలము తన సొమ్ముతో పెట్రోలు ధరను అణచియుంచినది. నడుమనున్న సన్నని జలసంధిమీది వంతెన దాటిన సింగపూరులో పెట్రోలుపై పన్ను గట్టిది. ఈ రెండుచోట్లను మన తెలుగువారు తరతరములుగ నివసించుచున్నారు. ఈ తేడా వారి కనుదినానుభవము. సింగపూరు వాహనములు ఖాళీ తొట్టితో బోయి నిండు తొట్టితో రాకుండుటకై, 1991నుండి అచటి ప్రభుత్వము, వంతెన దాటు తమ వాహనముల తొట్టి ముప్పాతిక వంతు నిండియుండవలెనని శాసించినది. మలయా ప్రభుత్వము తనవంతుగ, చేయూతగల పెట్రోలును విదేశపు బండ్లకు బోయరాదని 2010లో నిషేధించినది. ఒకరు తమ పన్నును కాపాడుకొనుచున్నారు. ఒకరు తమ చేయూతను. ముండ్లకంచె పోయి చట్టపు కంచె వచ్చినది.

ఈ తేడా శాశ్వతము కాదనుటకు నేపాళమే సాక్షి. నేపాళమునకు పెట్రోలు మన దేశమునుండియే పోవును. అమ్మునది ఇండియన్ ఆయిల్ సంస్థ. 2019 సెప్టెంబరు మొదలు మోతీహారినుండి అమ్లేఖ్‌గంజికి గొట్టపు మార్గమున డీసెలు పోవుట కూడ ఆరంభమైనది. నాణెముల విలువయు 1993 మొదలు స్థిరము: మన రూపాయి యొకటి వారి రూపాయి అరవై పైసలకు సమానము. ఇట్లుండగా 2021 ఫిబ్రవరిలో నేపాళపు ధర మన లెక్కలో సుమారు 70 రూపాయలు. బీహారులో 90కి మించి యుండెను. బీహారు సరిహద్దు పల్లెలవారు డబ్బాలతో నేపాళమునకు బోయి, మనము పంపిన నూనెనే తిరిగి తెచ్చుకొనిరి. పదునారు నెలలు గడచెను. 2022 జూన్‌లో నేపాళపు ధర వారి రూపాయలలో 199కి, అనగా మన లెక్కలో 124కు బెరిగినది. అంతలో మన కేంద్రప్రభుత్వము సుంకమును దగ్గించియుండెను. డబ్బాల ప్రవాహము దిశ మార్చుకొనినది; ఈ మారు నేపాళీయులు మన బంకులకు వచ్చిరి. నూనె అదే, అమ్మువా డదే, నాణెపు మారకము అదే. తేడా దిశను మార్చినది ముఖ్యముగ ఇరు ప్రభుత్వముల నిర్ణయము. దూరపు కొండలు నునుపని మనవారందురు. పొరుగు దేశపు చౌకయు నట్టిదే. నేడు నునుపు, రేపు గరుకు.

నాలుగవది యడ్డము కాదు. అసలు బండి కెక్కని వస్తువు. క్షౌరము చేయించుకొనుటకు సింగపూరులో నిచ్చు సొమ్ముతో మన యూర నెన్నియో మారులు చేయించుకొనవచ్చును. కత్తెర యొక్కటే, నేర్పు మనవారిదే హెచ్చు కావచ్చును. కాని క్షౌరమును ఓడలో వేసి పంపలేము. అది యున్నచోటనే ఖర్చుకావలెను. కర్మాగారములలోను రేవులలోను హెచ్చుకూలి దొరకు దేశమున, క్షురకునకును హెచ్చు ఈయకున్న నతడు కత్తెర విడిచి అచటికి బోవును. కావున ధనికదేశమున సేవల ధర హెచ్చు, పేదదేశమున దక్కువ. అంగడి అద్దెయు, కొట్టులోని పిల్లవాని జీతమును ప్రతి వస్తువు ధరలోను గలసియుండును గనుక, బండి కెక్కు వస్తువులమీదను ఈ నీడ పడును. చౌకదనము అంతయు నదృష్టము కాదు. దానిలో గొంత మన కూలివాని పస్తు.

ఐదవది అమ్మువాని ఏర్పాటు. పఠనమందిరపు సభ్యులకు తెలిసిన యుదాహరణము పుస్తకము. విదేశపు శాస్త్రగ్రంథము తన దేశమున వేలకొలది రూపాయలకు నమ్ముడగుచు, ఇచట చౌకకూర్పుగ దొరకును. అట్టమీద ఈ దేశములలో మాత్రమే యమ్మవలెనని వ్రాసియుండును. కొనువాని తాహతునుబట్టి ధర కట్టుట అది. థాయిదేశపు విద్యార్థి యొకడు తన దేశమునుండి చౌకకూర్పులను దెప్పించి అమెరికాలో నమ్మగా, ప్రచురణకర్తలు వ్యాజ్యెము వేసిరి. 2013లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము విద్యార్థి పక్షముననే తీర్పు చెప్పినది. న్యాయము గెలిచినదని సంతోషింపవచ్చును. కాని అట్టి గెలుపువలన ప్రచురణకర్త, చౌకకూర్పు వెనుకకు బోవునను భయముచేత, పేదదేశములందు ధర పెంచుటకు బూనుకొనవచ్చును. తేడాలన్నియు నన్యాయములు కావని యిందువలన స్పష్టము.

కావుననే "దేశమంతట నొక్కటే ధర యుండునట్లు శాసింపరాదా?" యను ప్రశ్నకు నేను వెంటనే ఔనని చెప్పజాలను. ఉక్కునగరవాసులగు మనకు దీనిలో నొక పాఠము గలదు. 1952 మొదలు నాలుగు దశాబ్దములు మన దేశమున ఉక్కునకు రవాణా సమీకరణ విధానము నడచినది. జంషెడ్‌పూరు ప్రక్కన గొన్నను మద్రాసులో గొన్నను ఉక్కు ధర యొక్కటే. రైలుఖర్చు అందరిమీదను బంచబడెడిది. సముద్రతీరమున కర్మాగారములు పెట్టినవారికి అది వరము. గనులుగల బీహారు, ఒడిషా ప్రాంతములకు మాత్రము, ప్రకృతి యిచ్చిన సమీపమను ఒక్క లాభమును అది తీసివేసినది. కర్మాగారములు గనులయొద్దకు రాలేదు. గనులప్రాంతపు యువకులే కర్మాగారములయొద్దకు వలసపోయిరి. మన విశాఖ ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైన 1992వ సంవత్సరమునందే ఉక్కుమీద ఈ విధానము తొలగింపబడినది. ధర సమానమైనంత మాత్రమున న్యాయము సమానము కాదని ఆ నలుబది యేండ్లు చాటుచున్నవి.

అట్లని ప్రతి తేడాను దైవనిర్ణయమని యూరకుండుమనుట లేదు. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చి, రాష్ట్రముల అమ్మకపుపన్నులలో నెన్నియో యొక్కటైనవి. ఇచ్ఛాపురముకడ ఒడిషా సరిహద్దున అమ్మకపు పన్ను తనిఖీకై లారీలు బారులుదీరి నిలుచు కాలము గతించినది. సబ్బుబిళ్ళమీదను చెప్పులమీదను సాధ్యమైనది పెట్రోలుమీద సాధ్యము కాలేదు. పెట్రోలు, డీసెలు, ముడినూనె మున్నగువానిని ఆ విధానమునకు వెలుపల నుంచిరి. కారణము రహస్యము కాదు: రాష్ట్రములకు దమంతట దాము పెంచుకొనదగిన రాబడిమార్గములు మిగిలినవి కొన్నియే, వానిలో నిది పెద్దది. వసూలు చేయుట సులభము, కట్టువానికి గానరాదు. కనబడని పన్నునకు బ్రశ్న లుండవు.

సోదరులారా! ఇచటనే నేను మొదట వాగ్దానము చేసిన ప్రశ్న. పొరుగున నేల చౌక యని యడుగుటతో నాగరాదు. "మేము హెచ్చుగా నిచ్చు నీ పది రూపాయలు ఎచటికి బోవుచున్నవి? వానికి మాకేమి వచ్చినది?" అని యడుగవలెను. రహదారి పేర దీసికొన్న రూపాయి రహదారిమీద గనబడుచున్నదా? ఆసుపత్రిలో మందుగ మారినదా? బడిలో పలకగ మారినదా? మారినచో, యానాము చౌక మన కసూయ కలిగింపరాదు. మారనిచో, ఆ పది రూపాయలు పన్ను గావు, నష్టము. మరియు నీ పన్నును లీటరునకు ధనికుడెంత యిచ్చునో ఆటో నడుపువాడును అంతయే యిచ్చుచున్నాడు.  గట్టుదాటి యానాము బోయి నింపుకొని రాగలవాడు సరిహద్దువాసి యొక్కడే. మిగిలినవారికి గల యాయుధము లెక్క యడుగుట మాత్రమే.

దీనికి గొప్ప ఉద్యమములు అక్కరలేదు. ప్రతి బంకుయొద్దను లీటరు ధరలో సరకు ఎంత, కేంద్రసుంకమెంత, రాష్ట్రపు పన్నెంత, అమ్మువాని కమీషనెంత యని పలకమీద వ్రాయించుమని కోరుడు. ఇట్టి పఠనమందిరముల గోడమీద మన ధరను, యానాము ధరను, ఒడిషా ధరను నెలకొకమారు ప్రక్కప్రక్కన వ్రాసియుంచుడు. ఏటేట రాష్ట్రపు ఆయవ్యయ పట్టిక వెలువడగనే దానిని దెప్పించి పదిమంది కూర్చుండి చదువుడు. ఉప్పుధరలోని యన్యాయమును మన పూర్వులు కనుగొనుటకు నూరేండ్లు పైగా బట్టినది. వారి కెవరును లెక్క చూపలేదు. నేడు లెక్కలు అచ్చుపడుచున్నవి. చదువువారు లేకుండుటయే కొరత. ఆ కొరత తీర్చుటకే గదా పఠనమందిరము లేర్పడినది! సరకు ధర అంగడిలో నిర్ణయమగునని యనుకొన్నంతకాలము మనము అంగడివానితోనే తగవులాడుచుందుము. అది శాసనసభలో, రేవులో, రైలుదారిమీద, కూలివాని యింట నిర్ణయమగుచున్నదని గ్రహించిననాడు, తగవు సరియైన వాకిటికి జేరును.